ఆరు నాటకాలు రాస్తే ఒక సీను మిగిలింది

వనారస గోవిందరావు స్మారకోపన్యాసం: నాందేడ్ తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం

గోవిందరావు గారి పేరు మీద ఉపన్యాసానికి నాందేడ్ ఏమిటని నేను బయలుదేరేటప్పుడు అడిగినవాళ్లున్నారు. ఆయన కంపెనీ కట్టింది కడప సీమలో, పేరు తెచ్చుకున్నది తెలుగు రంగస్థలం మీద. నిజమే. కానీ ఆయన ఇంటి మాట తెలుగు కాదు, ఆరె మరాఠీ. మరాఠా సైన్యాల వెంట దక్షిణానికి వచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లకుండా అక్కడే నిలిచిపోయిన కుటుంబాలలో వనారస వారిదొకటి. పగలు ఇంట్లో మరాఠీ మాట్లాడుకుని, రాత్రి తెర లేచాక తెలుగు పద్యం ఎత్తుకున్నవాళ్లు వాళ్లు. మీది దానికి సరిగ్గా తిరగేసిన లెక్క. ఇంట్లో తెలుగు, బడిలో, బజారులో, ఆఫీసులో మరాఠీ. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ తాలూకాలకు వెళితే ఒకే వాక్యంలో రెండు భాషలూ వినిపిస్తాయి. నిజాం ఇలాకాగా ఉన్న నేలను 1956 నవంబరు 1న పంచినప్పుడు గీత బాసరకూ ధర్మాబాదుకూ మధ్య పడింది. రైలు మాత్రం ఆ గీతను పట్టించుకోకుండా ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. సంగీత నాటకం కూడా ఆ రైలు లాంటిదే. ఎన్నిసార్లు ఇటు నుంచి అటు వెళ్లిందో, అటు నుంచి ఇటు వచ్చిందో చెప్పుకోవడానికి నాందేడ్ కంటే తగిన ఊరు నాకు తోచలేదు.

1885లో సురభి అనే పల్లెలో, ఒక పెళ్లి సందర్భంలో, ‘కీచకవధ’ ఆడారు. ఆ ఊరికి అంతకు ముందున్న పేరు సొరుగు. ఆ కుటుంబానికి తాతల నాటి విద్య తోలుబొమ్మలాట. తెర వెనక దీపం పెట్టి భీముణ్ణీ ద్రౌపదినీ ఆడించిన ఇంటివాళ్లు తామే వేషం కట్టి తెర ముందుకు వచ్చారు. అది ఒక్క రాత్రి ముచ్చటగా ముగిసిపోయి ఉంటే ఇవాళ మనం ఇలా కూర్చునేవాళ్లం కాదు. దాన్ని కంపెనీ చేశారు గోవిందరావు గారు. కుటుంబం పెరిగినకొద్దీ కంపెనీలు పెరిగాయి. ఒక దశలో ముప్పైకి పైగా సురభి సమాజాలు తెలుగు ఊళ్లలో తిరిగాయి. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇంటినే కంపెనీ చేయడం వల్ల ఒక పెద్ద పని చప్పుడు లేకుండా జరిగిపోయింది. తొలి రోజుల నుంచే ఆడవేషాలు ఇంటి ఆడవాళ్లే కట్టారు. మిగతా తెలుగు రంగస్థలం మీద స్థానం నరసింహారావు గారి సత్యభామను చూసి ఆడవాళ్లే నడక నేర్చుకోవాలని జనం చెప్పుకుంటున్న కాలానికి, మహారాష్ట్రలో బాల గంధర్వ కట్టిన చీర తీరు ఇళ్లలోకి వెళుతున్న కాలానికి, సురభి వాళ్ల డేరాలో సీతను సీత వయసు అమ్మాయే వేస్తోంది. దాన్నొక సంస్కరణగా వాళ్లు ప్రకటించుకోలేదు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేషానికి సురభి కమలాబాయి దొరకడం అందుకే కాకతాళీయం కాదు. పాడుతూ నటించగల ఆడవాళ్లను వెతుక్కునే సినిమావాళ్లకు సురభి డేరా సిద్ధంగా కనిపించింది.

ఇక ఇవాళ్టి అసలు విషయానికి వస్తాను. ఒక కంపెనీ చేతిలో పాత నాటకాలు ఉండడమంటే ఏమిటి? అచ్చుపుస్తకాలు బీరువాలో ఉండడం కాదు. రేపు రాత్రి ‘లవకుశ’ అంటే రేపు రాత్రి ఆడగలగాలి. ఎల్లుండి ‘మాయాబజార్’ అంటే అదీ ఆడగలగాలి. సురభి వాళ్లు ఒక ఊళ్లో క్యాంపు వేస్తే నెలల తరబడి ఉండేవారు. ఊరి జనం పరిమితం. చూసినవాళ్లే మళ్లీ రావాలి. కాబట్టి రోజుకో నాటకం మారాలి: ‘హరిశ్చంద్ర’, ‘శ్రీకృష్ణ లీలలు’, ‘భక్త ప్రహ్లాద’, ‘బాలనాగమ్మ’, ‘వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర’. రాసిన ప్రతి ఎదుట పెట్టుకుని కూర్చుంటే ఇన్ని నాటకాలు నడవవు. అవి మనుషులలో ఉండాలి.

ఎలా ఉంటాయో చూడండి. కంపెనీలో పుట్టిన పిల్లవాడు మొదట ఉయ్యాలలో బాలకృష్ణుడుగా రంగం మీదికి వస్తాడు, వాడికి తెలియకుండానే. నాలుగైదేళ్లకు ప్రహ్లాదుడు, లోహితాస్యుడు. గొంతు బాగుంటే లవుడో కుశుడో. గొంతు మారే వయసులో వేషం దొరకదు. అప్పుడు తీగలు లాగడం, పరదాలు దించడం, తబలా ముందు కూర్చోవడం. ఇరవై దాటాక అర్జునుడు, కృష్ణుడు. నడివయసులో బలరాముడు, దుర్యోధనుడు, విశ్వామిత్రుడు. ఆ తరువాత పక్కన కూర్చుని మాట అందించడం. అమ్మాయి శశిరేఖగా మొదలై, సుభద్రగా సాగి, రేవతిగా కుదురుకుంటుంది. అంటే ఒక మనిషి ఒకే నాటకాన్ని నాలుగు వైపుల నుంచి చూసి ఉంటాడు. ఇవాళ కృష్ణుడికి జ్వరమొస్తే ఆట ఆగదు; పక్కన నిలబడి ఉన్నవాడికి ఆ వేషం వచ్చు. ఒపెరా హౌసుల వాళ్లు జీతాలిచ్చి పెట్టుకునే బృందగాయకులు, వాద్యగాళ్లు, ప్రధాన గాయకుడికి బదులు సిద్ధంగా ఉండేవాళ్లు, రంగాలంకరణవాళ్లు, అందరూ ఇక్కడ ఒకే పొయ్యి మీద వండుకు తిన్నారు.

‘మాయాబజార్’ సంగతి వేరుగా చెప్పాలి. ఘటోత్కచుడి ముందున్న లడ్డూలు వాటంతట అవే లేచి నోట్లోకి వెళతాయి. నారదుడు మేఘంలో దిగుతాడు. ఎదురెదురుగా వదిలిన బాణాలు నడిమిన కొట్టుకుని మండుతాయి. దీనికంతటికీ సన్నని తీగలు, కప్పీలు, దీపం పడే కోణం, అన్నిటికీ మించి చీకట్లో నిలబడి లెక్క తప్పకుండా లాగే చేతులు కావాలి. ప్రేక్షకుడికి తీగ కనబడకూడదు, నటుడికి తగలకూడదు. కంప్యూటరు బొమ్మలు చూసి పెరిగిన పిల్లలు సైతం ఆ లడ్డూ లేచినప్పుడు అరవడం నేను చూశాను. ఇది ఇంజనీరింగు పుస్తకంలో లేని విద్య. ఒక చెయ్యి పక్కనున్న చేతికి నేర్పుతుంది. ఆ ఇంటివాళ్లు విడిపోతే నాటకం ప్రతి మిగులుతుంది, లడ్డూ లేవదు.

అదే కథ మీ ఇరుగుపొరుగు వాళ్లకూ తెలుసు. వాళ్ల శశిరేఖ పేరు వత్సల. ‘వత్సలాహరణ’ మీద బాబూరావ్ పెయింటర్ 1923లోనే మూకీ తీశాడు. వ్యాసభారతంలో లేని ఈ పిల్లను రెండు భాషలూ ఇష్టపడి పెంచుకున్నాయి.

ఇప్పుడు పాట దారి. దీన్ని కొంచెం వెనక నుంచి తీసుకుంటాను. తంజావూరును ఏలిన మరాఠా రాజు శహాజీ, 1684 నుంచి 1712 దాకా రాజ్యం చేసినవాడు, తెలుగులో యక్షగానాలు రాశాడు. తిరువారూరు త్యాగరాజస్వామి మీద ఆయన రాసిన ‘పల్లకీ సేవా ప్రబంధం’ ఆద్యంతం పాడుతూ ఆడే రచన. అమ్మమాట మరాఠీ, కొలువు తమిళ నేల మీద, పాట తెలుగులో. మాతృభాషలో పాడితేనే అభిమానమని ఎవరైనా అంటే ఆయన్ని తలచుకుంటాను.

తరువాత దారి ఉత్తరానికి తిరిగింది. కర్ణాటక తీరం నుంచి వచ్చిన ఒక యక్షగాన బృందం సాంగ్లీలో ఆడితే, అది చూసి ముచ్చటపడిన సాంగ్లీ సంస్థానాధీశుడు అటువంటిది మరాఠీలో కావాలన్నాడు. 1843లో విష్ణుదాస్ భావే ‘సీతాస్వయంవర్’ అలా పుట్టింది. 1880 అక్టోబరు 31న పుణేలో అణ్ణాసాహెబ్ కిర్లోస్కర్ ‘సంగీత శాకుంతల్’ ఆడించాడు. ఆయన పుట్టింది కన్నడ సీమలోని గుర్లహొసూరు. పద్యాలకు కన్నడ వరసలు, కీర్తన బాణీలు, లావణీ నడకలు అన్నీ వాడుకున్నాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ధార్వాడ నాటక సమాజం తెలుగు నాట తిరిగింది. వాళ్లు రాజమహేంద్రవరంలో ఆడి వెళ్లిపోయాక, ఆ పాకలోనే కందుకూరి వీరేశలింగం గారు తన నాటకాలను విద్యార్థుల చేత ఆడించారని మన రంగస్థల చరిత్రకారులు రాస్తారు. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు సరస వినోదినీ సభ పెట్టి, ‘చిత్రనళీయం’ మొదలుకొని పాటలతో, పద్యాలతో నాటకాలు కట్టారు. వచ్చిన కంపెనీ ఏ భాషలో పాడిందన్నది జనానికి పెద్ద అడ్డు కాలేదు. మెట్టు నచ్చింది, తీసుకున్నారు. పార్సీ మెట్లు, మరాఠీ మెట్లు అని మన నాటకాలవాళ్లు ఆ తరువాత చాలాకాలం పేరు పెట్టి మరీ చెప్పుకున్నారు.

అయితే తెలుగువాళ్లు ఉన్నదున్నట్టు తీసుకోలేదు. మరాఠీ నాట్యసంగీతంలో పదం తాళంలో నడుస్తుంది, తబలా దాన్ని వదలదు. మన నాటకంలో పాటకు తాళముంది గానీ పద్యానికి లేదు. ఉత్పలమాలో సీసమో మాట స్పష్టంగా చెప్పి, చివరి పాదం దాటాక రాగాన్ని ఇష్టమొచ్చినంత దూరం తీసుకుపోవచ్చు. హార్మోనియం వెనకనే వస్తుంది. అక్కడే నటుడు రాజు. అక్కడే ‘వన్స్‌మోర్’ అన్న అరుపు వస్తుంది. మన నాటకానికి బలమూ అక్కడే, జబ్బు మొదలైందీ అక్కడే.

ఆ జబ్బు గురించి కొంచెం కటువుగానే మాట్లాడతాను.

తిరుపతి వేంకట కవులు భారతకథను ఆరు నాటకాలుగా రాశారు: పాండవ జననం, పాండవ ప్రవాసం, పాండవ రాజసూయం, పాండవోద్యోగం, పాండవ విజయం, పాండవాశ్వమేధం. ఈ ఆరింటి పేర్లు వరసగా చెప్పగలిగినవాళ్లు ఇవాళ ఈ హాలులో ఎంతమంది ఉంటారో అడగను. వాటిలో రంగం మీద నిలిచినవి ఉద్యోగం, విజయం. ఆ రెంటినీ కలిపి ‘పాండవోద్యోగ విజయాలు’ అని ఒక రాత్రికి కుదించారు. ఆ రాత్రి నుంచి పడకసీను, రాయబారం సీను వేరై బయటికి వచ్చాయి. ఇప్పుడు పండుగ పందిళ్లలో చాలాచోట్ల రాయబారం ఒక్కటే ఆడతారు. అందులోనూ నాలుగు పద్యాలు పాడితే జనం లేచి వెళతారు. ఆరు నాటకాలు రాస్తే ఒక సీను మిగిలింది.

ఇలా ఎందుకైంది? కంపెనీలు పోయి కాంట్రాక్టు నాటకాలు వచ్చాయి కనుక. కాంట్రాక్టరు ఒక రాత్రికి ఒక ఊరి నుంచి కృష్ణుణ్ణి, మరో ఊరి నుంచి అర్జునుణ్ణి, ఇంకో ఊరి నుంచి దుర్యోధనుణ్ణి మాట్లాడతాడు. ఎవరి రేటు వారిది, ఎవరి కిరీటం వారిది. జనం ఎక్కువ రావాలంటే ఒక కృష్ణుడు చాలడు: ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు. ‘హరిశ్చంద్ర’కైతే ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులు. రిహార్సలు ఉండదు. ఉండనవసరం లేదు, ఎందుకంటే అందరికీ ఎప్పుడూ ఆడే నాలుగు సీన్లూ వచ్చు. అయిదో సీను ఎవరికీ రాదు. ధృతరాష్ట్రుడికి మంచి వేషధారి దొరకడు, ఆ పద్యాలకు చప్పట్లు పడవు కనుక.

కాంట్రాక్టు నాటకాన్ని తిట్టి ఊరుకుంటే అన్యాయం. పీసపాటి నరసింహమూర్తి, అబ్బూరి వరప్రసాదరావు, షణ్ముఖి ఆంజనేయరాజు గార్ల వంటి గొంతులను ఊరూరా వినిపించింది ఆ పద్ధతే. అక్షరం రాని రైతు సీసపద్యం తప్పు లేకుండా చెప్పగలిగాడంటే ఆ రాత్రుల పుణ్యమే. పద్యాన్ని బతికించారు. నాటకాన్నే పోగొట్టారు.

బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి ‘సత్యహరిశ్చంద్రీయం’లో ఇంకో చిత్రం చూడండి. కాటిసీనులో జనం ఎదురుచూసే పద్యాలలో కొన్ని బలిజేపల్లి వారివి కావు, గుఱ్ఱం జాషువా గారివి. శ్మశానం మీద ఆయన విడిగా రాసుకున్న పద్యాలను నటులు తెచ్చి హరిశ్చంద్రుడి నోట పెట్టారు. ఇప్పుడవి లేని కాటిసీనును జనం ఒప్పుకోరు. గుడి మెట్లు ఎక్కనివ్వని కులంలో పుట్టిన కవి, చక్రవర్తి కాటికాపరి అయిన చోట వచ్చి నిలబడ్డాడు. ఆ పని ఏ పండితుడూ చేయలేదు. నటులు చేశారు. పాత నాటకంలో చెయ్యి పెట్టకూడదని పట్టుబట్టేవాళ్లకు నేను ముందుగా చెప్పే ఉదాహరణ ఇది.

చెయ్యి పెట్టడం రెండో వైపు కూడా వెళుతుంది. కాళ్లకూరి నారాయణరావు గారు వేశ్యావ్యసనం మీద ‘చింతామణి’ రాశారు. దశాబ్దాల తరబడి ఒక్క సుబ్బిశెట్టి సీనును సాగదీసి, అందులో రాత్రికొక మోటు హాస్యం చేర్చి, చివరికి ఆ సీనే నాటకం అనిపించారు. ఒక కులాన్ని అవమానిస్తున్నారని ఆర్యవైశ్యులు ఎంతోకాలం మొరపెట్టుకున్నారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. వాళ్ల బాధ నిజమైనదే. కానీ నిషేధం పడింది కాళ్లకూరి వారు రాసిన దాని మీద. నొప్పించింది ఆయన రాయనిది. మొదటి అంకం నుంచి చివరి అంకం దాకా ఆయన రాసిన నాటకాన్ని బాధ్యతగా ఆడే కంపెనీ ఒక్కటి ఉండి ఉంటే, తేడా ఇదీ అని చూపించగలిగేవాళ్లం.

మరాఠీ వాళ్లు ఏం చేశారో మీకు నాకంటే ఎక్కువ తెలుసు. అయినా నా లెక్క చెబుతాను. మనం సీన్లు విడగొట్టుకున్నాం, వాళ్లు పాటలు విడగొట్టుకున్నారు. ‘సంగీత సౌభద్ర’, ‘మానాపమాన్’, ‘స్వయంవర్’ నాటకాల పదాలు రంగస్థలం దిగి కచేరీ వేదిక ఎక్కాయి. భాస్కర్‌బువా బఖలే వంటి ఉస్తాదు, గోవిందరావ్ టెంబే వంటి హార్మోనియం విద్వాంసుడు బాణీలు కట్టడంతో పెద్ద గాయకులు వాటిని ఖయాల్ పక్కన కూర్చోబెట్టి పాడారు. పాటకు గౌరవం దక్కింది. కానీ ఆ పాట ఏ పాత్ర, ఎందుకు పాడిందో తెలియకుండానే వినేవాళ్లు ఎక్కువయ్యారు.

ఒక పోలిక మాత్రం నన్ను వదలదు. 1921 జూలైలో ముంబైలో, తిలక్ స్వరాజ్య నిధి కోసం, బాల గంధర్వ, కేశవరావ్ భోసలే కలిసి ‘మానాపమాన్’ ఆడారు. రెండు పోటీ కంపెనీల ఇద్దరు మేటి గాయకులు ఒకే రంగం మీద. చూడబోతే మన కాంట్రాక్టు నాటకం వంటిదే. కానీ కాదు. ఇద్దరూ తమ తమ కంపెనీలలో నాటకాలను మొదటి నుంచి చివరి దాకా ఏళ్ల తరబడి నలగగొట్టినవాళ్లు. కలిసింది రెండు కంపెనీల శిక్షణ.

సాంఘిక నాటకాల్లో ఇంకో తేడా ఉంది. ముసలివాడికి పసిపిల్లను కట్టబెట్టడం మీద గోవింద్ బల్లాళ్ దేవల్ 1899లో ‘సంగీత శారద’ తెచ్చాడు, అది పాడుతుంది. అదే రోగం మీద మన గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లోనే రంగం ఎక్కింది, అది మాట్లాడుతుంది. పాడే కంపెనీల నాటకాల పట్టీలో అందుకే అది ఇమడలేదేమో. అది చదివే నాటకంగా, తర్వాత సినిమాగా, పరిషత్తుల నాటకంగా బతికింది. గిరీశం పద్యం పాడి రాగం తీస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. గురజాడ గారు ఆ ప్రమాదం ముందే కనిపెట్టి ఉంటారు.

పాత కంపెనీ పద్ధతి పూర్తిగా పోయిందనుకోకండి. ఈ రాష్ట్రంలోనే, గడ్చిరోలి, చంద్రపూర్, భండారా, గోండియా జిల్లాల్లో జాడీపట్టి నాటకం నడుస్తోంది. దేశాయిగంజ్ వడసాలో నాటక కంపెనీల ఆఫీసులు వరసగా ఉంటాయి. కోతలు అయ్యాక, దీపావళి నుంచి హోళీ దాకా సీజను. ఊళ్లో ఎడ్ల పందెం జరిగితే ఆ రాత్రి నాటకం ఉండి తీరాలి, తెల్లవార్లూ, పాటలతో. ఆ రంగస్థలానికి చెందిన పరశురామ్ ఖుణే గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ల నాటకాలన్నీ గొప్పవని అనను. సినిమా డాన్సులు చొరబడిన చోట్లూ ఉన్నాయి. కానీ అక్కడ కంపెనీ ఉంది, బాకీలున్నాయి, జీతాలున్నాయి, ఏటేటా కొత్త కుర్రాళ్లు వస్తున్నారు. వరి కోసినవాడు టికెట్టు కొంటున్నాడు.

కంపెనీ ఒక్కటి ఉంటే చాలునా అంటే, చాలదు. ఇంగ్లండులో డాయిలీ కార్ట్ అనే ఒపెరా కంపెనీ గిల్బర్ట్, సలివన్ జంట రాసిన హాస్య సంగీత నాటకాలను 1870ల నుంచి వందేళ్లకు పైగా ఆడింది. 1961 దాకా ఆ దేశంలో హక్కులన్నీ వాళ్లవే. ఏ నటుడు ఏ మాట దగ్గర ఎటు తిరగాలో తాతల నాటి పద్ధతినే పాటించారు. ప్రభుత్వ సాయం దొరక్క 1982లో మూతపడింది. డబ్బు లేకనే పోయింది, నిజం. కానీ అంతకు ముందే విమర్శకులు దాన్ని ధూళి పట్టిన కంపెనీ అనడం మొదలుపెట్టారు.

సురభి వాళ్లు ఆ పొరపాటు చేయలేదు. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ సినిమా జనానికి నచ్చిందని దాన్ని రంగం మీదికి తెచ్చేశారు. సినిమా నాటకాన్ని మింగేస్తోందని అందరూ ఏడుస్తుంటే వీళ్లు సినిమాను మింగారు. 1990లలో బి.వి. కారంత్ గారు వచ్చి వాళ్లతో పనిచేసినప్పుడు ‘భీష్మ’, ‘చండీప్రియ’ వచ్చాయి. బ్రెహ్ట్ నాటకం ‘బస్తీ దేవత యాదమ్మ’ అయింది. లడ్డూలు ఎగరేసే కుటుంబం జర్మన్ నాటకకర్తను హైదరాబాదు బస్తీలోకి దింపింది. వేంకటేశ్వర నాట్యమండలిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావు గారికి, అందరూ బాబ్జీ అని పిలిచే ఆయనకు, 2013లో పద్మశ్రీ ఇచ్చారు. 2022లో ఆయన పోయారు. పాత నాటకం, కొత్త నాటకం అన్న తేడా ఆ ఇంట్లో ఎప్పుడూ పెద్దగా లేదు. ఆడగలిగేది, ఆడలేనిది అన్న తేడాయే ఉండేది.

ప్రభుత్వాలు చేసిందీ కొంత ఉంది. ఇక్కడ మహారాష్ట్ర రాజ్య నాట్య స్పర్ధలలో సంగీత నాటకాలకు వేరే పోటీ పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 1998లో మొదలైన నంది నాటకోత్సవాలలో పద్యనాటకానికి వేరే విభాగం పెట్టారు. మంచిదే. బహుమతి కోసం ఏడాదికొక నాటకం తయారవుతుంది, మంచి పద్యనాటకాలు కొత్తవి కూడా వచ్చాయి. కానీ పోటీ అయిపోయాక బృందం చెదిరిపోతుంది. వచ్చే ఏటికి ఇంకో నాటకం, ఇంకో బృందం. ఎప్పుడంటే అప్పుడు ఆడగల నాటకాల పట్టీ తయారుకాదు.

చివరగా మీ ఊరి సంగతి. మీరు నన్ను పిలిచినప్పుడు ఉగాదికి ఏ సీను పెడితే బాగుంటుందో సలహా ఇమ్మన్నారు. సీను వద్దని చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. ఒక నాటకం మొత్తం ఎత్తుకోండి. నా ఓటు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి ‘గయోపాఖ్యానం’కి. లక్ష ప్రతులు దాటి అమ్ముడైందని పేరున్న నాటకం అది. చిలకమర్తి వారి నాటకాలు ఆడిన ఆ రాజమహేంద్రవరం రోజుల్లోనే, కుర్రవాడైన టంగుటూరి ప్రకాశం గారు వేషాలు కట్టారు. కృష్ణుడు, అర్జునుడు, సుభద్ర: ఈ ముగ్గురూ ‘సౌభద్ర’ చూసి పెరిగిన మీ మరాఠీ పొరుగువాళ్లకు బాగా తెలిసినవాళ్లే. పెళ్లి చేసి పంపిన బావా మరదలు, ఆ పెళ్లి చేయించిన అన్న, ఇప్పుడు యుద్ధానికి ఎదురెదురు నిలబడితే ఏమవుతుందో చూడమని పిలిస్తే వాళ్లు వస్తారు. భాష అడ్డం వస్తుందని భయపడకండి. ధార్వాడ కంపెనీ వచ్చినప్పుడు రాజమండ్రి జనం భయపడలేదు.

హార్మోనియం ఎక్కడ దొరుకుతుందని అడుగుతారేమో. హజూర్ సాహిబ్ గురుద్వారా ఉన్న ఊరు మీది. రోజూ తెల్లవారుజాము నుంచి రాగీలు హార్మోనియం మీద కీర్తన చేసే ఊళ్లో శ్రుతి సరిచేసేవాడికి, బెల్లోస్ కుట్టేవాడికి కరువుండదు. పాడడానికి పెద్దవాళ్లు కొందరున్నారని ఇందాక పరిచయాల్లో తెలిసింది. వాళ్లకు వేషాలివ్వండి, కానీ ప్రతి వేషానికి పక్కన ఇంకొకరిని నిలబెట్టండి. ముఖ్యంగా పన్నెండు, పదిహేనేళ్ల పిల్లలను. తెలుగు చదవడం రాని పిల్లలకు పద్యాన్ని దేవనాగరిలో రాసివ్వండి, తప్పేమీ లేదు. ఉచ్చారణ పెద్దవాళ్లు దిద్దుతారు. మొదటి ఏడు ఒక నాటకం, రెండో ఏడు అదే నాటకం వేషాలు మార్చి, మూడో ఏటికి రెండోది. నాలుగు నాటకాలు చేతిలోకి వచ్చేసరికి పదేళ్లు పట్టవచ్చు. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్‌లలో మన జనమున్నారు. సరిహద్దు దాటితే బోధన్ ప్రాంతంలో చిందు ఎల్లమ్మ గారి భాగవతం చూసి పెరిగిన ఊళ్లున్నాయి. ఒకసారి తయారైన నాటకాన్ని ఒక్క రాత్రికే పెట్టెలో పెట్టేయకుండా తిప్పడానికి దారి ఉంది.

వేషాలు పంచేటప్పుడు ఒక్క సంగతి. కృష్ణుడికి, అర్జునుడికి పోటీ తప్పదు, సుభద్రకూ ఉంటుంది. గయుడికి ఎవరూ ముందుకు రారు. కృష్ణుడి చేతిలో ప్రాణభయంతో పరుగెత్తి అర్జునుణ్ణి శరణు వేడేవాడు, కిరీటం నిలవనివాడు. కానీ వాడు వణకకపోతే అర్జునుడి మాటకు విలువ లేదు, కృష్ణుడి కోపానికి అర్థం లేదు. మీలో అందరికంటే బాగా పాడేవారికి ముందు గయుడి వేషం ఇచ్చి చూడండి. కృష్ణుడి వేషం వచ్చే ఏడు ఇవ్వవచ్చు.